చంపే పదార్థం మందు ఎప్పుడవుతుంది?

తెలుగులో 'మందు' అనే మాటకు వున్నన్ని అర్థాలు చాలా తక్కువ మాటలకు వుంటాయి. జ్వరానికి మింగేది మందు. తుపాకిలో కూరేది మందు. చేలో పురుగుల మీద కొట్టేది మందు. అప్పులు తీరే దారి లేక రైతు చివరికి తాగేదీ ఆ మందే. సాయంత్రం పూట దుకాణంలో అమ్మేదీ మందే. గిట్టనివాళ్ళు అన్నంలో కలిపి పెట్టారని పల్లెల్లో అనుమానపడేదీ మందే. ప్రాణం నిలిపే వస్తువుకూ ప్రాణం తీసే వస్తువుకూ జనం ఒకే మాట వాడుతున్నారంటే అందులో అనుభవం మీద తేలిన సత్యం వుంది. ఏ పదార్థంలోనూ మంచీ చెడూ ముందుగా రాసిపెట్టి వుండవు. ఎవరికి, ఎంత, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరవాతే అది వైద్యమో విషమో తేలుతుంది. కొత్తగా తయారుచేసిన రసాయన సమ్మేళనాల మీద శాస్త్రజ్ఞులు జరిపే పరీక్షలన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

విశాఖపట్నంలో రసాయనశాస్త్రం బోధించిన వాడిగా, సాహిత్యం చదువుకునే వాడిగా నన్నొక విషయం చాలాకాలంగా వేధిస్తోంది. పొలంలో రైతు పనినీ, కొలిమి ముందు కార్మికుడి పనినీ, రేవులో కళాసీ పనినీ మన రచయితలు దగ్గరగా చూసి రాశారు. ప్రయోగశాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చూపు సన్నగిల్లుతుంది. కథలోని శాస్త్రజ్ఞుడు ఒంటరిగా ఒక రాత్రి మేలుకుని కేన్సరుకు మందు కనిపెట్టేస్తాడు. పత్రికలు కూడా 'కేన్సరు కణాలను చంపే పదార్థం దొరికింది' అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. ఆ వార్త చదివిన రోగి బంధువులు ఆ మందు ఎక్కడ దొరుకుతుందని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతారు. దొరకదు, ఎందుకంటే అది ఇంకా మందు కాలేదు. ఆ వార్తకూ ఆ మందుకూ మధ్య వున్న దూరం ఎంతో, ఆ దూరంలో ఎవరెవరి శ్రమ, ఎవరెవరి లాభం వున్నాయో చెప్పడానికే ఈ వ్యాసం.

తారు నుంచి మందుకు

విశాఖ నుంచే మొదలుపెట్టవచ్చు. ఓడల మీద వచ్చే కోకింగ్ బొగ్గు ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్లకు చేరుతుంది. అక్కడ గాలి తగలనియ్యకుండా దాన్ని విపరీతమైన వేడికి గురిచేస్తారు. మిగిలిన కోక్ బ్లాస్ట్ ఫర్నేసుకు వెళ్ళి ఇనుపరాతిని ఇనుముగా మార్చే పనిలో పడుతుంది. బొగ్గులోంచి ఆవిరై లేచిన భాగాన్ని చల్లబరిచి తారు, బెంజీన్, నాఫ్తలీన్, అమ్మోనియం సల్ఫేటు తీస్తారు. ఉక్కు నగరంలో రోజూ జరిగే ఈ పనికీ ఆధునిక మందుల పుట్టుకకూ దగ్గరి చుట్టరికం వుంది.

పందొమ్మిదో శతాబ్దపు యూరపులో ఈ తారు పారబొయ్యవలసిన మడ్డి. 1856లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియాకు వాడే క్వినైన్‌ను ప్రయోగశాలలో తయారుచెయ్యాలని ప్రయత్నించాడు. తారు నుంచి వచ్చిన అనిలిన్‌తో చేసిన ప్రయత్నంలో క్వినైన్ రాలేదుగాని, బట్టకు పట్టే ఊదారంగు వచ్చింది. దాంతో రంగుల పరిశ్రమ పుట్టింది. జర్మనీలో అది మహా పెట్టుబడిగా పెరిగింది. వందల కొద్దీ కొత్త రంగులు తయారవుతుంటే, పాల్ ఎర్లిక్ ఒక సంగతి గమనించాడు. కొన్ని రంగులు కొన్ని కణాలకే అంటుకుంటున్నాయి, పక్కనున్న కణాలకు అంటుకోవడం లేదు. రంగు ఎంచుకుని అంటుకోగలిగితే విషం కూడా ఎంచుకుని తగలవచ్చు గదా అన్నది ఆయన ఆలోచన. ఆర్సెనిక్ సమ్మేళనాలను వరసగా తయారుచేయించి, వరసగా పరీక్షింపజేశాడు. 606వ సమ్మేళనాన్ని మొదట పనికిరాదని పక్కన పెట్టారు. 1909లో జపాను నుంచి వచ్చిన సహచిరో హాతా దాన్ని మళ్ళీ పరీక్షించి, సిఫిలిస్ క్రిమి మీద పనిచేస్తోందని చూపాడు. మరుసటి ఏడాది అది సాల్వర్సాన్ పేరుతో బజారులోకి వచ్చింది.

ఈ వుదంతంలో మనం పట్టుకోవలసింది పద్ధతిని. ఒక సమ్మేళనాన్ని తయారుచెయ్యడం, పరీక్షించడం, దాని నిర్మాణంలో ఒక చిన్న భాగాన్ని మార్చి మళ్ళీ పరీక్షించడం, నిర్మాణం మారితే గుణం ఎలా మారిందో రాసిపెట్టుకోవడం. నేటికీ విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థులు చేస్తున్న పని ఇదే. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1930ల నుంచి టి.ఆర్. శేషాద్రి నాయకత్వంలో మొక్కల రసాయనాల మీద గొప్ప పరిశోధన జరిగింది. పువ్వుల్లో, బెరడుల్లో వుండే ఫ్లేవనాయిడ్ల నిర్మాణం తేల్చి, వాటిని ప్రయోగశాలలో తిరిగి నిర్మించే సంప్రదాయం వాల్తేరులో అప్పుడే స్థిరపడింది. నిర్మాణం తెలిస్తేనే మార్చడం సాధ్యం, మార్చగలిగితేనే పరీక్షకు అర్థం.

ఎర్లిక్ దారిలోనే 1932 చివర జర్మనీలో బేయర్ ప్రయోగశాలలో గెర్హార్డ్ డొమాక్ ఒక ఎర్రరంగును పరీక్షించాడు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఎక్కించిన ఎలుకలకు ఆ రంగు ఇస్తే అవి బతికాయి. దాని పేరు ప్రాంటోసిల్. 1935 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించారు. విచిత్రమేమిటంటే, గాజు నాళికలో పెంచిన బాక్టీరియాను ఆ రంగు ఏమీ చెయ్యలేకపోయింది. అదే ఏడాది పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ట్రెఫూయెల్ దంపతులు, నిట్టి, బొవే కలిసి ఈ చిక్కు విప్పారు. ఎర్రరంగు శరీరంలో విరిగి సల్ఫనిలమైడ్ అనే తెల్లని పదార్థాన్ని విడుదల చేస్తుంది, బాక్టీరియాను అడ్డుకునేది అదే. ఆ తెల్లని పదార్థాన్ని వియన్నాలో పాల్ గెల్మో 1908లోనే తయారుచేశాడు. దాని మీద పేటెంటు గడువు తీరిపోయింది. ఎవరైనా తయారుచేసుకోవచ్చు, చౌకగా అమ్మవచ్చు. గాజు నాళికలో జరిగే పరీక్ష ఒక్కటే చాలనుకుని వుంటే ప్రాంటోసిల్‌ను మొదటిరోజే పారవేసేవారు. ఈ మాట గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనికి తిరగేసిన బొమ్మ కూడా చూస్తాం.

ఒకే విటమిన్, రెండు మందులు

బాక్టీరియాను చంపే మందుకూ కేన్సరును ఎదిరించే మందుకూ తేడా ఏమిటో అర్థం కావాలంటే ఫోలిక్ ఆమ్లం కథ తెలియాలి. అది మన కథ కూడా.

ఫోలిక్ ఆమ్లం లేకుండా కణం తన డీఎన్ఏను తయారుచేసుకోలేదు. డీఎన్ఏ లేనిదే కణం రెండుగా విడిపోలేదు. బాక్టీరియా ఈ ఆమ్లాన్ని తన ఇంట్లోనే తయారుచేసుకుంటుంది. అందుకు పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం దానికి ముడిసరుకు. సల్ఫనిలమైడ్ రూపంలో ఆ ముడిసరుకుకు కవల లాంటిది. బాక్టీరియా మోసపోయి దొంగసరుకును అందుకుంటుంది, తయారీ ఆగిపోతుంది. 1940లో డొనాల్డ్ వుడ్స్ ఈ రెంటి పోటీని పరీక్షతో చూపాడు. మరి మనిషికేమీ కాదా? మనిషి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోలేడు. ఆకుకూరల్లో, పప్పుల్లో తింటాడు. లేని కార్ఖానాను ఎవరూ మూయించలేరు గదా! బాక్టీరియాకూ మనిషికీ వున్న ఈ తేడాలోనే ఆ మందు ప్రాణం వుంది.

కేన్సరు కణం అలా కాదు. అది బయటినుంచి వచ్చిన శత్రువు కాదు, మన కణమే. మన తిండే తింటుంది, మన పనిముట్లతోనే పెరుగుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు వూరికే అనలేదు. దానికీ మామూలు కణానికీ వున్న ముఖ్యమైన తేడా, అది ఆగకుండా విభజన చెందుతూ పోవడం. ఈ తేడా మీద దెబ్బ కొట్టవచ్చునని నిరూపించిన తొలి ప్రయత్నాల్లో ఒక తెలుగువాడి చెయ్యి వుంది.

ఆ దారి బొంబాయి నేతమిల్లుల దగ్గర మొదలైంది. 1928 తరవాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు వచ్చే తీవ్రమైన రక్తహీనత మీద అక్కడ పరిశోధన చేసింది. పేదల తిండిలో ఏదో లోపించిందని గ్రహించి, మార్మైట్ అనే ఈస్టు సారం ఇస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో వున్నది ఫోలిక్ ఆమ్లమేనని తరవాత తేలింది. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసినవారు, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాట నుంచి ఆ పేరు పెట్టారు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ జబ్బులో ఫోలిక్ ఆమ్లానికి పాత్ర వుందని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఇప్పటికీ జీవరసాయన విద్యార్థులకు పాఠమే. 1940లో ఆయన లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా నిర్మించింది. ఆ సంస్థలోనే బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. అంటే బాక్టీరియాకు మందూ, కేన్సరుకు మందూ ఒకే గూటిలో, ఒకే కాలంలో తయారవుతున్నాయి.

బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లం జాతి సమ్మేళనాలే ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా విజృంభించింది. ఆ చేదు ఫలితమే దారి చూపింది. తిండి పెడితే పెరుగుతోందంటే, ఆ తిండికి అడ్డుపడితే తగ్గాలి. సుబ్బారావు బృందంలోని రసాయనశాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లం అణువులో ఒక హైడ్రాక్సిల్ గుంపును తీసి అమైనో గుంపును పెట్టారు. అదే అమైనాప్టెరిన్. కణానికి ఇదీ దొంగసరుకే. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. తీవ్రమైన జబ్బుతో వున్న 16 మంది పిల్లలకు ఆ మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అది తాత్కాలికమేనని కూడా ఆయన దాచకుండా రాశాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమైనాప్టెరిన్‌కు ఇంకొక మిథైల్ గుంపు తగిలిస్తే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ లుకీమియాకు, చిన్న మోతాదులో కీళ్ళవాతానికి వాడే ముఖ్యమైన మందు.

అయితే మెథోట్రెక్సేట్ తీసుకునే రోగికి నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి. నోటి పొరలోనూ ఎముకల మూలుగులోనూ వుండే మామూలు కణాలు కూడా వేగంగా విభజన చెందుతూ వుంటాయి కాబట్టి దొంగసరుకు వాటికీ తగులుతుంది. సల్ఫా మందుకు లేని చిక్కు దీనికి ఎందుకు వుందో ఇప్పుడు స్పష్టమే. మొదటిదానికి శత్రువు ఇల్లు వేరు. రెండోదానికి శత్రువు మన ఇంట్లోనే వున్నాడు.

పళ్ళెంలో ఏం జరుగుతుంది?

ఇక పరీక్షల సంగతి. పరిశోధక విద్యార్థి ఒక కొత్త సమ్మేళనం తయారుచేస్తాడు. అది శుద్ధంగా వుందా, తాను అనుకున్న నిర్మాణమేనా అని ముందు తేల్చుకోవాలి. మలినం వున్న పదార్థం పనిచేస్తే, పనిచేసింది పదార్థమో మలినమో తెలియదు.

బాక్టీరియా పరీక్షకు వెడల్పాటి గాజు పళ్ళెంలో సముద్రపు నాచు నుంచి తీసిన అగార్‌తో జున్నులాగా గట్టిపడే ఆహారం పోస్తారు. దాని మీద బాక్టీరియాను సమంగా పూస్తారు. సమ్మేళనం పీల్చుకున్న చిన్న కాగితపు బిళ్ళను మధ్యలో పెట్టి, ఒక రాత్రంతా శరీరపు వేడిలో వుంచుతారు. తెల్లవారేసరికి పళ్ళెమంతా బాక్టీరియా పొర కమ్ముకుంటుంది. సమ్మేళనం పనిచేస్తే బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ మొలవని వలయం మిగులుతుంది. ఆ వలయం వెడల్పును మిల్లీమీటర్లలో కొలుస్తారు.

చూడటానికి చాలా ముచ్చటైన పరీక్ష. కాని వలయం పెద్దదైనంత మాత్రాన మందు గొప్పదని చెప్పలేం. అగార్‌లో సులువుగా పాకే పదార్థం పెద్ద వలయం ఇస్తుంది; బలమైనదైనా పాకలేని పదార్థం చిన్న వలయమే ఇస్తుంది. అందుకే రెండో పరీక్ష వుంది. బాక్టీరియా వున్న ద్రవంలో సమ్మేళనాన్ని ఒక మిల్లీలీటరుకు 128 మైక్రోగ్రాములు, 64, 32, 16 ఇలా సగం సగం తగ్గిస్తూ కలుపుతారు. మరునాడు ఏ నాళిక దాకా ద్రవం తేటగా వుందో, ఎక్కడినుంచి మడ్డిగా మారిందో చూస్తారు. తేటగా వున్న చివరి నాళికలోని మోతాదే కనీస నిరోధక మోతాదు. ఈ అంకె ఎంత చిన్నదైతే సమ్మేళనం అంత బలమైనది.

ఈ రెండు పరీక్షల్లోనూ పోలిక లేనిదే ఫలితానికి విలువ లేదు. సమ్మేళనాన్ని కరిగించిన ద్రావణి ఒక్కదాన్నే ఒక బిళ్ళకు పెట్టాలి. ఒకవేళ చంపుతున్నది ఆ ద్రావణే అయితే అక్కడే బయటపడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి తెలిసిన మందును మరో బిళ్ళకు పెట్టాలి. చీముపుండ్లలో కనిపించే స్టాఫిలోకాకస్ మీద పనిచేసినదల్లా ఈ.కోలై మీద పనిచెయ్యదు, ఈ.కోలైకి బయట అదనంగా ఒక పొర అడ్డుగోడలా వుంటుంది. కాబట్టి రెండు రకాల బాక్టీరియా మీదా చూడాలి. ఏ కావ్యంతోనూ పోల్చకుండా ఒక కావ్యాన్ని ఆకాశానికెత్తే విమర్శకుడి మాటకు ఎంత విలువో, పోలిక లేని వలయానికీ అంతే విలువ.

కేన్సరు పరీక్షకు బాక్టీరియా బదులు మనిషి కేన్సరు కణాలు కావాలి. ప్రపంచమంతటా ఎక్కువగా వాడిన కణాలకు హీలా అని పేరు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు కేన్సరుతో ఆస్పత్రికి వచ్చింది. పొగాకు చేలల్లో పనిచేసిన పేదరాలు. ఆమెకు చెప్పకుండానే ఆమె కణితి ముక్క తీసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఆమె చనిపోయింది. ఆమె కణాలు మాత్రం గాజు సీసాల్లో చావులేకుండా పెరుగుతూనే వున్నాయి. వాటి మీద ఎన్నో మందులూ టీకాలూ పరీక్షకు నిలిచాయి, ఎన్నో కంపెనీలు లాభపడ్డాయి. కుటుంబానికి సంగతి తెలిసిందే 1970లలో. ఒక పెద్ద కంపెనీ వాళ్ళతో రాజీకి వచ్చింది 2023లో. ప్రయోగశాలలో శ్రమా శరీరమూ ఎవరివి అని అడిగే రచయిత ఈ పేరు మరవకూడదు.

పరీక్ష ఇలా జరుగుతుంది. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో కణాలను పెంచి, ఒక్కో వరసలో సమ్మేళనాన్ని ఒక్కో మోతాదులో వేస్తారు. రెండు మూడు రోజులైన తరవాత ఎంటీటీ అనే పసుపురంగు పదార్థం కలుపుతారు. జీవక్రియ నడుస్తున్న కణాలు ఆ పసుపును ఊదారంగుగా మారుస్తాయి. చచ్చిన కణాలు మార్చలేవు. ఊదా ఎంత చిక్కగా వుందో యంత్రం కొలుస్తుంది. 1983లో మోస్‌మన్ ప్రకటించిన పద్ధతి ఇది. రంగును సగానికి తగ్గించే మోతాదును ఆ సమ్మేళనపు బలానికి కొలతగా తీసుకుంటారు.

ఇక్కడే పత్రికల వార్త పుడుతుంది, ఇక్కడే మోసం జరిగే అవకాశమూ వుంది. ఆ గుంటలో బట్టలు తెల్లబరిచే బ్లీచింగు నీళ్ళు పోసినా కేన్సరు కణాలు చస్తాయి. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పుపెట్టినట్టు వుంటుంది ఆ వైద్యం. అందుచేత పక్కనే మరో పలకలో మామూలు కణాలను పెంచి అదే సమ్మేళనం వెయ్యాలి. ఉదాహరణకు ఒక సమ్మేళనం కేన్సరు కణాలను 10 పాళ్ళ మోతాదులో, మామూలు కణాలను 12 పాళ్ళ మోతాదులో సగానికి తగ్గిస్తే అది విషం, అంతే. మరొకటి కేన్సరు కణాలకు 2 పాళ్ళు చాలి, మామూలు కణాలకు 100 పాళ్ళు కావలసివస్తే దాన్ని ముందుకు తీసుకుపోవచ్చు. పైగా రంగు తగ్గడమంటే కణం చావడమే కానక్కరలేదు. జీవక్రియ మందగించినా తగ్గుతుంది. కాబట్టి 'కేన్సరు కణాలను చంపింది' అని చదివినప్పుడల్లా 'మామూలు కణాల సంగతేమిటి?' అని అడగడం మన హక్కు.

సీసా దాటిన తరవాత

ప్రాంటోసిల్ సీసాలో ఓడి దేహంలో గెలిచింది. దానికి తిరగేసిన బొమ్మే ఎక్కువ. సీసాలో గెలిచిన సమ్మేళనాల్లో అత్యధిక భాగం దేహంలో ఓడిపోతాయి. నోట్లో వేసుకుంటే పేగుల్లోంచి రక్తంలోకి చేరాలి. కాలేయం దాన్ని క్షణాల్లో విరగ్గొట్టెయ్యకూడదు. కణితి లోపలిదాకా వెళ్ళాలి. గుండెనూ మూత్రపిండాలనూ చెరపకూడదు. ఇవేవీ పళ్ళెంలో తెలియవు. అందుకే జంతువుల మీద పరీక్ష. ఆ తరవాత మనుషుల మీద మూడు దశలు. మొదటి దశలో ఎంత మోతాదు తట్టుకోగలరో, రెండో దశలో పనిచేసే సూచన వుందో లేదో, మూడో దశలో ఇప్పుడున్న వైద్యం కంటే మెరుగో కాదో చూస్తారు. పలకలో మొదటి ఊదారంగు చూసిన రోజు నుంచి మూడో దశ ముగిసేదాకా సామాన్యంగా పదేళ్ళకు పైగా పడుతుంది.

ఈ జాగ్రత్తలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. వీటి వెనక శవాలున్నాయి. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫనిలమైడ్‌ను తియ్యటి ద్రవంగా అమ్మాలని డైఇథిలిన్ గ్లైకాల్‌లో కరిగించింది. రుచి చూశారు, రంగు చూశారు, విషం అవునో కాదో చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. ఆ మరుసటి ఏడాదే మందులను అమ్మకానికి ముందు పరీక్షించాలన్న చట్టం వచ్చింది. అదే విషం 2022లో గాంబియాలో పిల్లలను చంపింది. ఆ దగ్గుమందులు మన దేశంలో తయారైనవని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసింది. 85 ఏళ్ళ నాటి పాఠాన్ని కూడా లాభం మరిపించగలదు.

యుద్ధం కూడా ఒక పరీక్షశాల అయింది. 1943 డిసెంబరులో ఇటలీలోని బారి రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. అంతకు ఏడాదిన్నర ముందు, 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి కాబట్టి ఆ దృశ్యం ఈ వూరివాళ్ళు ఊహించుకోగలరు. బారిలో మునిగిన ఓడల్లో ఒకదాంట్లో అమెరికన్లు రహస్యంగా తెచ్చిన మస్టర్డ్ విషం వుంది. ఆ నీళ్ళల్లో ఈదిన నావికులకు తెల్ల రక్తకణాలు పడిపోయాయని డాక్టర్ స్టూవర్ట్ అలెగ్జాండర్ గుర్తించాడు. అంతకు ముందే, 1942లో, యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ ఆ జాతికే చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ను ఒక లింఫ్ కణితుల రోగికి ఇప్పించారు. యుద్ధ రహస్యం కావడంతో 1946 దాకా ఆ సంగతి బయటికి రాలేదు. చంపడానికి చేసిన విషం కొలతకు లోబడి వైద్యమైంది. తుపాకి మందుకూ రోగి మందుకూ ఒకే మాట ఎందుకు వుందో ఇంతకంటే ఏం చెప్పాలి?

పరీక్ష ఎవరిది? మందు ఎవరిది?

ఏ సమ్మేళనం పరీక్షకు నిలబడుతుందో ప్రకృతి నిర్ణయిస్తుంది. ఏ సమ్మేళనాన్ని పరీక్షించాలో మాత్రం పెట్టుబడి నిర్ణయిస్తోంది. యాంటీబయోటిక్ వారం రోజులు వాడితే రోగి లేచి కూర్చుంటాడు, కొనడం మానేస్తాడు. పైగా కొత్తదాన్ని మొండి రోగాల కోసం అట్టేపెట్టి వుంచడమే వైద్యధర్మం. ఎంత తక్కువ వాడితే అంత మంచిదయిన సరుకు మీద లాభమెక్కడ? అమెరికాలో అకావొజెన్ అనే కంపెనీ తయారుచేసిన ప్లాజోమైసిన్ అనే యాంటీబయోటిక్‌కు 2018లో అనుమతి వచ్చింది. అన్ని పరీక్షలూ నెగ్గిన మందు చేతిలో వుండగానే 2019లో ఆ కంపెనీ దివాలా తీసింది. అందుకే పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే యాంటీబయోటిక్ పరిశోధన నుంచి తప్పుకున్నాయి. బాక్టీరియా మాత్రం తప్పుకోలేదు.

కేన్సరు మందు విషయంలో లాభం వేరే దారి పట్టింది. బేయర్ కంపెనీ సొరాఫెనిబ్ అనే మందును నెలకు 2,80,000 రూపాయలకు పైగా ధరకు అమ్మింది. మూత్రపిండాల, కాలేయపు కేన్సర్ల రోగులు వాడవలసిన మందు అది. 2012 మార్చిలో మన పేటెంట్ల అధికారి హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు నిర్బంధ లైసెన్సు ఇచ్చాడు. నెలకు 8,880 రూపాయలకు మించకుండా అదే మందు అమ్మాలని షరతు. 2,80,000కూ 8,880కూ మధ్య వున్న తేడా రసాయనశాస్త్రానిది కాదు, ఆస్తి హక్కుది. 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందు వస్తువు మీద గుత్తహక్కు ఇవ్వకపోవడం వల్లే ఈ దేశంలో చౌకమందుల పరిశ్రమ ఎదిగింది. 2005 సవరణతో ఆ గుత్తహక్కు తిరిగి వచ్చింది. నిర్బంధ లైసెన్సు వంటి కొన్ని తలుపులు మాత్రం ఇంకా తెరిచివున్నాయి.

మన పరిశ్రమకు మరో ముఖమూ వుంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వుంది. మందు వేసుకున్న రోగి రక్తంలో వుండేదానికంటే అది ఎక్కువ. ప్రయోగశాలలో కాగితపు బిళ్ళతో జాగ్రత్తగా చేసే పరీక్షను ఇక్కడ వాగులో, బావిలో ఏ పోలికా ఏ కొలతా లేకుండా రాత్రింబగళ్ళు జరిపిస్తున్నారన్న మాట. చావని బాక్టీరియా ఎంపికై పెరగడానికి ఇంతకంటే అనువైన పళ్ళెం వుండదు. ఒక చేత్తో మందు తయారవుతుంటే రెండో చేత్తో ఆ మందుకు లొంగని రోగం తయారవుతోంది.

విశాఖ చుట్టూ పరవాడలో ఫార్మా సిటీ వెలిసింది, అచ్యుతాపురంలో ప్రత్యేక ఆర్థిక మండలి వెలిసింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. మందు రోగికి ఎంత భద్రమో తేల్చడానికి పదేళ్ళ పరీక్ష వుంది. అదే మందు తయారుచేసే కార్మికుడికి ఆ ద్రావణులూ ఆ రియాక్టర్లూ ఎంత భద్రమో తేల్చే పరీక్ష అంత కచ్చితంగా ఎందుకు జరగడం లేదు? 'ఎవరికి, ఎంత, ఎక్కడ' అన్న మూడు ప్రశ్నలను ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా అడగాలి.

రచయితలు రసాయనశాస్త్రజ్ఞులు కానక్కరలేదు. విజ్ఞానశాస్త్రాన్ని తెలుగు పాఠకుడికి అర్థమయ్యేలా రాయవచ్చునని కొడవటిగంటి కుటుంబరావు వంటివారు చేసి చూపించారు. ఆ దారిలో మన యువరచయితలు కొంచెం ముందుకు నడవాలని నా కోరిక. ఒంటరి మేధావి రాత్రికి రాత్రి కనిపెట్టే మందును ఇక కథల్లోంచి సెలవు తీసుకోనివ్వండి. బొంబాయి మిల్లులో పాలిపోయిన గర్భిణి, భీమవరం నుంచి వెళ్ళిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు, బాల్టిమోర్ నల్లజాతి స్త్రీ, బోస్టన్‌లో కొన్ని నెలలు అదనంగా బతికిన పదిమంది పిల్లలు, తెల్లవారుజామున వలయాలు కొలిచే పరిశోధక విద్యార్థిని, పరవాడలో రాత్రి షిఫ్టు కార్మికుడు, వీళ్ళంతా కలిస్తేనే ఒక మాత్ర తయారవుతుంది. ఇంతమంది కలిసి చేసిన వస్తువు ఇంతమందికీ ఎందుకు అందడం లేదన్న ప్రశ్నను ప్రయోగశాల అడగదు. అడగవలసింది సాహిత్యం.